నడకూరి మూడో మోకాలు

భాద్రపద శుద్ధ తదియ. గార్లదిన్నె బీళ్లు.

మూడో మోకాలు పొద్దున మళ్లీ తప్పు కోణం చెప్పింది. ఊరు ఒక పక్కకు ఒరిగింది. వంటశాలలో ఊరందరికీ వండిన పులగం డేగిసాతో సహా జారుకుంటూ వీధి దాటి వెళ్లి పంచాయతీ సమావేశం మధ్యలో ఆగింది. సమావేశంలో చర్చిస్తున్న అంశం ఊరి స్థిరత్వం.

మా నడకూరికి కాళ్లు ఎనిమిది. నీళ్లు ఇక ఊరికి రావని తేలిపోయాక, మా తాతల కాలంలో ఊరే నీళ్ల దగ్గరికి నడవడం మొదలుపెట్టింది. ఇనప అరుగు మీద ఇళ్లు, కోళ్లు, బడి, దర్గా, గుడి, పంచాయతీ. కింద కాళ్లు. నా పేరు కుళ్లాయమ్మ, నా పని మోకాళ్లు. ఒక్కో మోకాలికి ఒక సెన్సరు ఉంటుంది. మోకాలు ఎంత వంగిందో అది నడిపే గదికి చెబుతుంది. దాన్ని బట్టి తక్కిన కాళ్లు అడుగు వేస్తాయి. జనం దాన్ని చాడీకోరు అంటారు. మోకాలి మీద చాడీలు చెప్పడమే దాని ఉద్యోగం కనుక పేరు బాగానే కుదిరింది. చిక్కల్లా అది అబద్ధపు చాడీలు చెప్పినప్పుడే.

పంచాయతీ ప్రెసిడెంటు వన్నూరప్ప నన్ను పిలిపించాడు. పంచె మీద పులగం ఇంకా ఆరలేదు.

"ఏమ్మా, మూడో కాలు ఏమంటాంది?"

"తాగినోని మాదిరి మాట్లాడతాందన్నా. మోటారు ఆడితే ఒక మాట, ఆగితే ఒక మాట."

"సెన్సర్లు పోయినేడే గదా కొనింది. కొత్తవి."

"కొత్తవే. మీరే కొన్నారు. అయస్కాంతం రకం. గోడ గడియారం ఉచితంగా ఇచ్చినారని."

గడియారం మాట ఆయనకు నచ్చలేదు. నది మాట ఎత్తాడు. పెన్న దాటితేనే మాకు ఈ యేడాదికి బావులు. ఇవతల గట్టున ఉన్నవన్నీ తోడేశాం. పైన వానలు మొదలయ్యాయని కబురు వచ్చింది. వరద వస్తే దీపావళి దాకా ఏ కాలూ నదిలో పెట్టలేం. మా ట్యాంకుల్లో నీళ్లు అన్నాళ్లు రావు. అలాగని నది మధ్యలో మోకాలు అబద్ధమాడితే ఈసారి జారేది పులగం కాదు, ఊరు.

"మంచిది చూసి పెట్టు," అన్నాడు. "ఏది మంచిదో నాకు చెప్పు. నేను ఆలోచిస్తా."

ఈ ఆఖరి మాట వింటే నాకు భయం.

భాద్రపద శుద్ధ షష్ఠి. అక్కడే.

నడవకుండా ఆగిన ఊళ్లో మోకాలి సెన్సరును పరీక్షించడం, ఎండలో విప్పి చూసి వానకు గొడుగు కొన్నట్టు ఉంటుంది. నాకు అదురు కావాలి, వేడి కావాలి, దుమ్మూ నీళ్లూ కావాలి, పక్కనే పెద్ద మోటారు గింజుకుంటూ ఉండాలి. ఇవన్నీ ఒకేచోట ఉన్న యంత్రం ఊళ్లో ఒకటే. మాబున్ని వంటశాలలోని పెద్ద గ్రైండరు.

మాబున్ని వంటశాల పెద్ద. ఆమె అనుమతి లేకుండా ఊళ్లో ఎవరికీ ఆకలి కూడా వేయదు.

"కుళ్లాయక్కా, నా గ్రైండరుకు తీగలు తగిలిస్తే నీకు ముద్ద పెట్టను," అంది.

"నాకు పెట్టొద్దు. ఏటి నడుమ ఊరు బోర్లా పడితే మాత్రం ఎవురికి పెడతావు?"

గ్రైండరు దగ్గర్నుంచి పక్కకు తప్పుకుంది. తీగలు పిండిలో పడితే మాత్రం నన్నే రుబ్బుతానని చెప్పింది.

రాతిని తిప్పే ఇరుసుకు నా దగ్గరున్న ఒక్కో రకం సెన్సరు బిగించి చూశాను. మొదట రాపిడి రకం. లోపల ఒక చిన్న ముల్లు పట్టీ మీద రాసుకుంటూ పోయి కోణం చెబుతుంది. మినప్పప్పు నలిగేలోపు పట్టీ చెప్పు మడమలా ఒకచోట అరిగిపోయింది. అరిగిన చోటికి రాగానే మూగబోతుంది. మా మోకాళ్లు రోజంతా ఆ నాలుగు కోణాల మధ్యే ఆడతాయి, అంటే అరిగే చోటే మాకు అవసరం.

తర్వాత వెలుగు రకం. సన్నని గీతలున్న పలక, దాని గుండా దీపం, అవతల కన్ను. చాలా కచ్చితమైనది, నాజూకైనది, పెళ్లికూతురి లాంటిది. మాబున్ని రెండడుగుల దూరంలో రాగిపిండి జల్లెడ పట్టింది. దానికి ప్రపంచం చీకటైపోయింది.

అయస్కాంతం రకం దుమ్ముకు జంకలేదు, పిండికి జంకలేదు. దాన్ని చూసి వన్నూరప్ప మీద గౌరవం కలిగేలోగా గ్రైండరు మోటారుకు కరెంటు ఎక్కువ ఇచ్చాను. రాయి కదలకుండానే ఇరుసు సగం చుట్టు తిరిగిందని చెప్పింది. సెన్సరు ఎవరి అయస్కాంతం దగ్గరుంటే వాళ్ల మాట పలుకుతోంది. మోకాలి లోపలి అయస్కాంతం చిన్నది. పక్కనున్న మోటారు తీగల్లో కరెంటు పుట్టించే అయస్కాంతబలం పెద్దది. పంచాయతీలోనూ ఇదే పద్ధతి కాబట్టి నాకు వింతగా అనిపించలేదు.

ఇక మిగిలింది రాగి చుట్టల రకం. దానిలో అయస్కాంతం లేదు, దీపం లేదు, రాసుకునేది లేదు. చిన్న చిన్న రాగి చుట్టల ఎదుట ఒక లోహపు ముక్క కదులుతుంది. అది ఎక్కడుందో చుట్టలు పసిగడతాయి. దుమ్ము పడినా బురద పడినా వాటికి పట్టదు, పక్కన మోటారు అరిచినా తమ పని తాము చూసుకుంటాయి. నాకు కావలసింది అదే.

ఈ బీళ్ల చుట్టుపక్కల దాన్ని అమ్మే మనిషి ఒక్కడే. పేరు ఎర్రిస్వామి. ఆరేళ్ల కిందటి దాకా నా మొగుడు.

భాద్రపద శుద్ధ నవమి. అక్కడే.

ఎర్రిస్వామి బండి మధ్యాహ్నానికి వచ్చింది. నిచ్చెన దించేసరికి ఊరి జనమంతా ఆ పక్కకే చేరారు. వాళ్ల బరువుకు ఆరో మోకాలు మూలిగింది.

మేం విడిపోవడానికి పెద్ద గొడవేం లేదు. ఎదుటి మనిషి ఏం వినాలనుకుంటే అదే చెప్పడం అతని అలవాటు. అమ్మేవాడికి అది వరం. ఇంట్లో అయితే, అన్నం ఎలా ఉందని అడగడం కూడా దండగ.

"బాగుండావా కుళ్లాయీ?"

"బాగుండా. తెచ్చినావా?"

"ఎనిమిది తెచ్చినా. ఇవి నిప్పులో పనిచేస్తాయి, నీళ్లలో పనిచేస్తాయి. వరదలో వేసినా కోణం చెప్తానే ఉంటాయి. తీగ తెగినా రేడియోతో చెప్తాయి."

"నాకు చెప్పొద్దు. గ్రైండరుకు చెప్పు."

గ్రైండరు దగ్గర మొత్తం ఊరు నిలబడి చూసింది. మాబున్ని పిండి పోసింది, నీళ్లు పోసింది, అడక్కుండానే పిడికెడు ఇసుక కూడా వేసింది. మోటారుకు ఇవ్వగలిగినంత కరెంటు ఇచ్చాను. అంకె చలించలేదు. రాయి ఎక్కడుంటే అక్కడే ఉందని చెప్పింది. నేను సుద్దముక్కతో గీసిన గుర్తులతో ప్రతిసారీ సరిపోయింది.

సాయంత్రం సమావేశంలో వన్నూరప్ప గొంతు సవరించుకున్నాడు.

"ఊళ్లో రెండు మాటలు వినబడతాండాయమ్మా. పాత ప్రేమతో ఆయప్ప దగ్గర కొంటాండావని కొందరు. నిజంగానే మంచిదైతే ఇన్నాళ్లూ పాత కోపంతోనే కొనకుండా ఉండావని ఇంకొందరు."

"రెండూ నిజమే అనుకోండన్నా. గ్రైండరుకు మాత్రం ఎవరి మీదా ప్రేమ ల్యా."

చివరికి ఒక రాజీ కుదిరింది. ఎనిమిది మోకాళ్లకూ కొత్తవి బిగిస్తాం. ప్రెసిడెంటు గౌరవార్థం మూడో మోకాలికి పాతది కూడా ఉంచుతాం. రెండిటి అంకెలూ నడిపే గదిలో పక్కపక్కన కనిపిస్తాయి. నేను ఇంకో షరతు పెట్టాను. అమ్మినవాడు నది దాటేదాకా ఊళ్లోనే ఉండాలి.

ఎర్రిస్వామి మొహంలో రంగు మారింది. ఆ క్షణంలో మేం ఏం వినాలనుకుంటున్నామో అతనికి అందలేదనుకుంటా. "సరే," అన్నాడు, అంతే.

భాద్రపద శుద్ధ ద్వాదశి. పామిడికి ఎగువన, పెన్న ఇవతలి గట్టు.

రెండు రోజులు నడిచాం. కొత్త సెన్సర్లతో ఊరు ఎంత కుదుపు లేకుండా నడిచిందంటే, పక్షవాతపు ముసలాయన ఒకాయన ఊరు ఆగిపోయిందనుకుని కిందికి దిగబోయాడు. పాతది మాత్రం మూడో మోకాలి నుంచి తన పాట తాను పాడుతూనే ఉంది. పక్కనే నిజమైన అంకె ఉంది కాబట్టి ఇప్పుడు దాని మాట వినోదంగా ఉంది. నడిపే గదిలో లివర్ల దగ్గర ఉండే సుంకన్న దానికి జోస్యం అని పేరు పెట్టాడు.

కొత్త సెన్సర్లను సరిచూడటానికి ఎర్రిస్వామి నాతోపాటు ఒక్కో కాలూ దిగి ఎక్కాడు. అతనికి ఎత్తంటే భయం. పెళ్లయిన కొత్తలో కూడా నాకు ఆ సంగతి చెప్పలేదు. ఐదో కాలి నిచ్చెన మీద ఒక్కో మెట్టునూ కౌగిలించుకుని దిగుతుంటే అడిగాను.

"భయమా?"

"ల్యా," అన్నాడు. రెండు మెట్లు దిగాక, "అవ్," అన్నాడు.

రేపు పొద్దున దాటతాం. పైన వాన కురుస్తూనే ఉంది.

భాద్రపద శుద్ధ చతుర్దశి. పెన్న ఆవలి గట్టు.

నిన్న రాయలేదు. జరిగింది జరిగినట్టు ఇవాళ రాస్తున్నాను.

పొద్దెక్కాక నదిలోకి దిగాం. నీళ్లు మోకాళ్ల కింది దాకానే, అంటే మనిషికి మూడు నిలువులు. మొదటి సగం పెళ్లి ఊరేగింపులా సాగింది. మాబున్ని జనానికి బొరుగులు పంచిపెట్టింది.

నది నడుమకు వచ్చాక రెండో కాలు, నాలుగో కాలు ఒకేసారి పైకి లేచాయి. బరువు మూడోదాని మీద పడింది. అప్పుడు దాని కొత్త అంకె కదలసాగింది. మోకాలు బిగించి ఉంది, మోటారు ఆగి ఉంది, అయినా అంకె నెమ్మదిగా పెరుగుతోంది. పక్కన పాతది మాత్రం నిశ్చలంగా, బుద్ధిమంతురాలిలా, మోకాలు నిటారుగా ఉందని చెబుతోంది.

"ఏందక్కా ఇది?" అన్నాడు సుంకన్న. చెయ్యి లివరు మీదే ఉంది.

వన్నూరప్ప తెర దగ్గరికి వంగాడు. ఆయన మొహం వెలిగిపోయింది.

"చూసినారా. కొత్తది చెడిపోయింది. నా సెన్సరు సరిగ్గానే చెప్తాంది. సుంకన్నా, దాన్నే నమ్ముకుని నడుపు."

పాతదాన్ని నమ్మితే తర్వాతి అడుగు బరువంతా అదే కాలి మీద వేయాలి. కొత్తదాన్ని నమ్మితే ఊరు అడుగు వేయకుండా నది నడుమ నిలబడిపోవాలి, పైనుంచి వరద వస్తోంది. మోటారు ఆగిందంటే పాతదాన్ని ఏమార్చే కరెంటు లేదు, అది ఈ ఒక్కసారి నిజం చెబుతున్నా చెప్పవచ్చు. నేను ఎర్రిస్వామి వైపు చూశాను. నీ సరుకు మంచిదేనా అని అడిగితే అతను మంచిదే అంటాడు. నేను వినాలనుకుంటున్నదీ అదే. అందుకే అడగలేదు.

అతనే అన్నాడు, "నాకు తెలీదు కుళ్లాయీ. పోయి చూస్తా."

ఎవరూ ఏమీ అనేలోపు సుద్దముక్క, ఫోను తీసుకుని మూడో కాలి నిచ్చెన దిగాడు. ఫోనులో అతని ఊపిరి వినిపిస్తోంది. మోకాలి కీలు మీద, పైభాగం నుంచి కింది భాగం దాకా నిలువుగా ఒక గీత గీశానని చెప్పాడు. మోకాలు కదలకపోతే గీత గీతలాగే ఉండాలి.

తెర మీద అంకె పెరుగుతూనే ఉంది.

"గీత విరిగింది," అన్నాడు ఎర్రిస్వామి. "రెండు ముక్కలూ దూరం పోతాండాయి. సెన్సరు అబద్ధం చెప్పడంల్యా. మోకాలే పోతాంది. లోపల బేరింగు పగిలినట్టుంది, కరకర వినబడతాంది."

అప్పుడు అర్థమైంది. మోకాలు ఎన్నాళ్లుగానో జబ్బుగా ఉంది. పాతది నడిచినంతసేపూ ఎగిరెగిరి పడుతుంటే, ఆ గోలలో ఈ చిన్న జరుగుడు ఎవరికీ కనబడలేదు. నిలబడినప్పుడు అది చూపిన నిటారు అంకె, లోపలి అయస్కాంతం ఎప్పుడో ఇరుక్కుపోయి అలాగే మిగిలిన అంకె. మేమంతా చాడీకోరును తిట్టుకుంటూ కూర్చున్నాం.

"లేచిన కాళ్లు దించు," అన్నాను సుంకన్నతో. "మూడో కాలు వదిలేస్తాం."

"వదిలేయడమేంది?" అన్నాడు వన్నూరప్ప.

"ఊడదీసి పారేయడం. ఏడు కాళ్లతో పోతాం. జనాన్నంతా అవతలి మూలకు తోలండి. కదిలేవన్నీ మోయించండి. మీ మాట వింటారు."

ఆయన మీద నేను చాలా రాశాను కాబట్టి ఇది కూడా రాయాలి. ఆయన ఇంకో ప్రశ్న వేయలేదు. చెప్పుల్లేకుండా వీధుల్లోకి పరుగెత్తాడు. బొంగురు గొంతుతో ఒక్కొక్క ఇంటినీ పేరు పెట్టి పిలుస్తూ, ముసలివాళ్లను తానే భుజాన వేసుకుని మోశాడు. ఊరు అవతలి మూలకు బరువెక్కుతుంటే మూడో కాలి మీద భారం తగ్గడం తెరమీద కనబడింది. తగ్గినా అంకె ఆగలేదు.

కాలిని ఊరికి పట్టి ఉంచే తుంటి పిన్ను అరుగు అంచున ఉంటుంది. దాన్ని లాగే లివరు దగ్గరికి నేను పోయాను. ఎర్రిస్వామి ఇంకా కింద నిచ్చెన మీదే ఉన్నాడు.

మోకాలు ఒక హద్దు దాటి వంగితే కాలు మడత పడుతుంది. మడతపడితే ఊరి ఆ మూలను కూడా కిందికి లాగుతుంది. హద్దు దాటేలోపు పిన్ను లాగాలి. లాగితే కాలితో పాటు నిచ్చెన పోతుంది.

"సుంకన్నా, అంకె చదువుతా ఉండు," అన్నాను ఫోనులో.

చదివాడు. నేను కిందికి చూశాను. ఎర్రిస్వామి ఎక్కుతున్నాడు, నెమ్మదిగా, కళ్లు మూసుకుని. కాలు ఒక్కసారి వణికింది. అతని ఎడమచెయ్యి రెండు మెట్ల మధ్య నలిగింది. అరవలేదు, ఆగిపోయాడు.

"అక్కా, హద్దు దగ్గర పడతాంది," అన్నాడు సుంకన్న. "లాగు."

వెనక నుంచి జనం కూడా లాగమంటున్నారు. లివరు నా చేతిలో ఉంది. సుంకన్న చదివే అంకె పాత సెన్సరుదై ఉంటే ఆ క్షణమే లాగేసేదాన్ని. అది ఎంత అబద్ధమో తెలియదు కనుక ఆగి చూసే వీలు ఉండేది కాదు. ఈ అంకె అలాంటిది కాదు. ఇంకా హద్దు దాటలేదని చెబుతోంది, దాటలేదంటే దాటలేదు. ఆ కొద్దిపాటి తేడా మొత్తం అతనికి ఇచ్చాను.

"ఎర్రిస్వామీ," అన్నాను ఫోనులో. "ఇంకా ఐదు మెట్లుండాయి. నీకు టైముంది. ఉత్తమాట చెప్పడంల్యా."

కుడిచేత్తోనే ఎక్కాడు. తల అరుగు మీదికి రాగానే మాబున్ని అతని చొక్కా పట్టుకుని గోతం లాగినట్టు లాగింది. నేను లివరు లాగాను.

కాలు మెల్లగా పక్కకు వాలి నీళ్లలో ఒరిగింది. ఊరు ఊగింది, ఊగి నిలబడింది. సుంకన్న ఏడుకాళ్ల నడక అక్కడికక్కడే కూర్చాడు. కుంటుకుంటూ, ఆవలి గట్టుకు సాయంత్రం చేరాం.

భాద్రపద పూర్ణిమ. ఆవలి గట్టు, బావుల దగ్గర.

పొద్దున సమావేశం. వన్నూరప్ప గొంతు ఇంకా రాలేదు, సైగలతో అధ్యక్షత వహించాడు. మా ఊరి చరిత్రలో ఇంత త్వరగా ముగిసిన సమావేశం లేదు. కాలు ఎలాగూ పోయింది గదా, సెన్సర్లు కొని ఏం లాభమని ఒకాయన అడిగాడు. మాబున్ని ఆయన వైపు చూసింది. ఆయన కూర్చున్నాడు.

మధ్యాహ్నం నడిపే గదిలో గంట మోగింది. మూడో మోకాలు పిలుస్తోంది.

తీగ తెగింది, కాలు నది అడుగున ఉంది. సెన్సరు మాత్రం రేడియోలో తన కోణం పంపుతూనే ఉంది. మేం ఇంకా గట్టు దగ్గరే ఉన్నాం కాబట్టి మాకు అందుతోంది. కాసేపట్లో అంకె కదిలింది, ముందు కొద్దిగా, తర్వాత జోరుగా. బయట జనం గట్టు మీద నిలబడి వేళ్లు చూపిస్తున్నారు. ఎర్రనీళ్లు చెట్లను మోసుకుంటూ వచ్చాయి. మేం మొన్న నిలబడిన చోటు చూస్తుండగానే మునిగింది. ఎనిమిది కాళ్లూ బాగున్న ఊరైనా నిలిచేది కాదు.

ఎర్రిస్వామి కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడేసుకుని నా పక్కన నిలబడి తెర చూశాడు. మోకాలు పూర్తిగా మడుచుకుంది. అంకె అక్కడ ఆగింది.

"పడుకునింది," అన్నాడు.

సుంకన్న మూడో కాలును జాబితాలోంచి తీసేయమంటావా అని అడిగాడు, లేకపోతే గంట మోగుతూనే ఉంటుంది. గంట మాత్రం ఆపమన్నాను.

బయటికి వచ్చాక ఎర్రిస్వామి వర్తకుల బండ్లు రేపు ఈ దారిన పోతాయని చెప్పాడు. తన సంచి అప్పటికే సర్ది ఉంది.

"ఏడు కాళ్ల నడకకు సెన్సర్లన్నీ మళ్లీ సరిచూసుకోవాల," అన్నాను. "అమ్మినోని బాధ్యత. కార్తీకం దాకా పడుతుంది."

అతను నదివైపు నుంచి నావైపు తిరిగాడు.

"నిజంగా అంత పనుండాదా?"

"ల్యా," అన్నాను.

సంచి ఒంటిచేత్తో తీసుకుని, ఏడు కాళ్ల మీద ఊరు తిరిగి నిలబడ్డాక మా ఇంటి గడప ఎటువైపు వచ్చిందో తెలియడం లేదంటూ, నన్ను దారి అడిగాడు.